నిప్పుకోడి ఇచ్చిన బూట్లు

కాగితం విప్పగానే ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

లోపల ఒక జత బూట్లున్నాయి. నల్లటివి, మందపాటి రబ్బరు అడుగున్నవి.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమె ఉద్యోగం ఖాయమైన రోజది. తోటివాళ్ళు ఒకరు గాజు గ్లాసులు, ఒకరు చేతిసంచీ ఇచ్చారు. అందరిలోకీ ఆఖరున వచ్చి ఈ పొట్లం బల్లమీద పడేసి పోయినవాడు ముసలి నిప్పుకోడి.

అతని అసలు పేరు ఎవరూ వాడరు. నోరు తెరిస్తే నిప్పులే కాబట్టి ఆ పేరే మిగిలింది.

ఆమె చేరిన నాటినుంచీ మీద పడి ఏడుస్తూనే ఉన్నాడు.

"తడి కాళ్ళతో ఆ మిషను దగ్గర నిలబడతావా? బుద్ధి గడ్డి తిన్నదా?"

నీళ్ళు పిండే మిషను ముందు నేల ఎప్పుడూ తడే. నిలబడక ఎగురుతుందా?

"స్విచ్ కట్టేసి తలుపు తియ్యమన్నానా లేదా? చెవుల్లో సీసం పోసుకున్నావా?"

పదిమందిలో అనేవాడు. ఆ కోపమంతా ఆమె ఇంటికెళ్ళి గిన్నెల మీద చూపించేది.

ఇప్పుడు బూట్లు.

ఇంటికి తెస్తే అత్తగారు వాటిని ముట్టుకోను కూడా లేదు.

"చెప్పులిచ్చారంటే ఏంటో తెలుసా? వచ్చిన దారినే నడిచిపొమ్మని. ఖాయమైన రోజునే ఇచ్చాడంటే వాడి కడుపుమంట ఎంతుందో చూడు."

"నాకూ అదే అనిపించిందత్తా."

"అనిపించి ఊరుకున్నావా?"

ఊరుకోలేదు. మర్నాడు అందరూ చూస్తుండగా ఆ బూట్లు తెచ్చి అతని కాళ్ళ దగ్గర విసిరికొట్టింది.

"నన్ను పొమ్మనడానికి మీరెవరు? మీ తాత జాగీరా ఇది?"

అతను బూట్లు తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ ఆమె ముందు పెట్టాడు.

"కోపముంటే నన్ను తిట్టుకో. ఇవి మాత్రం వేసుకో."

"మీరే వేసుకుని మీరే పోండి."

ఆమె తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆడదానికి చెప్పు చూపించాడని చెప్పింది.

మేనేజరు శ్రద్ధగా విన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా నిప్పుకోడిని పనిలోంచి తీసేశాడు.

గేటు దగ్గర అతను ఆగి, ఆమె వైపు తిరిగి ఏదో అరిచాడు.

ఆమె కిటికీ తలుపు ధడాలున మూసేసింది. పీడ వదిలిందనుకుంది.

ఆ వారంలోనే ఒకరోజు మిషను తలుపు మీద చెయ్యి వేయగానే ఎవరో పిడికిలితో గుద్దినట్టయి వెనక్కి పడింది. చెయ్యి భుజం దాకా చచ్చుబడిపోయింది.

లేచి మేనేజరు గదికి పరుగెత్తింది.

"సార్, మిషను కరెంటు కొడుతోంది."

మేనేజరు తల ఎత్తలేదు.

"ముసలాడు పోయాడనుకుంటే ఇప్పుడు నువ్వు మొదలుపెట్టావా?"

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. బయటికి వచ్చి ఎవరినీ అడక్కుండా మెయిన్ స్విచ్ కట్టేసింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

అక్కడ అందరికంటే పాతకాపు ఇస్త్రీ అక్క. తిన్నగా వెళ్ళి ఆ అక్క ఎదురుగా నిలబడింది.

"నీకు తెలుసు కదక్కా?"

"తెలుసు. బాగుచేయించమని ఆయన మేనేజరుతో పోట్లాడని రోజు లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పినవాళ్ళని ఆ రోజే తీసేస్తామన్నారు. పిల్లలున్నదాన్ని."

"నాకు లేరా పిల్లలు?"

అక్క చేతిలోని దుప్పటి మడత పెట్టసాగింది.

"పోనీ, ఆయనైనా చెప్పొచ్చుగా. ఆ తిట్లేంటి?"

"తనని తీసేస్తే, ఆ మిషను దగ్గరికి వెళ్ళేవాళ్ళని తిట్టడానికైనా ఎవరూ ఉండరనేవాడు."

ఆమెకు ఏడుపు రాలేదు. మేనేజరు మీద, అక్క మీద, అందరికంటే తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది.

"అంత అవస్థ ఆయనకెందుకు? నేనేమవుతానని?"

"నువ్వేమీ కావు," అంది అక్క మెల్లగా. "నీకు ముందు ఆ మిషను దగ్గర పనిచేస్తూ అక్కడే ప్రాణం పోగొట్టుకున్న పిల్ల ఆయన కూతురు."