మోకాళ్ళ మందు

ఆమె పొట్లాలు కడుతోంది. మోకాళ్ళ నొప్పుల పొడి. కలిపేది మాత్రం భర్తే, గది తలుపు వేసుకుని. ఎవరైనా చూస్తే మందు గుణం పోతుందట.

"అమ్మాయ్, ఉన్నాయా?"

గుమ్మంలో సంచి తాత. ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు. కట్టినవన్నీ సంచిలో వేయించుకుని, బేరమాడకుండా వెళ్ళిపోతాడు.

"ఇన్ని ఎవరికి తాతా? మీకున్నవి రెండు మోకాళ్ళేగా."

తాత నవ్వలేదు. "మీ ఇంట్లో ఎవరైనా వాడతారా తల్లీ?"

"మా అమ్మ వాడుతోంది. మంచం దిగలేని మనిషి, ఇప్పుడు ఇల్లంతా చక్కర్లు కొడుతోంది."

"మాన్పించమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది. "అందరికంటే ఎక్కువ కొనేది మీరు. మానాల్సింది మా అమ్మా?"

లోపలి నుంచి భర్త వచ్చాడు.

"మన సరుకు ఇంకో ఊళ్ళో రెట్టింపుకి అమ్ముకుంటున్నాడే ఈయన. అందుకే మనవాళ్ళకి కూడా మిగలనివ్వడు. ఇక ఇవ్వకు."

తాత సంచి తెరిచి పట్టుకునే ఉన్నాడు. "ఈ ఒక్కసారికి ఇవ్వండి బాబూ."

"లేదన్నాంగా. దయచేయండి."

తాత ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆ పొట్లాలన్నీ ఆమె పుట్టింటికి పంపింది. అమ్మ వాడుకుని, ఇరుగుపొరుగుకీ ఇస్తుందని.

మరుసటి వారం ఇంటి ముందు జీపు ఆగింది. మందుల తనిఖీ వాళ్ళు.

భర్త గది తలుపు తీయించారు. మూలికలు గుప్పెడే ఉన్నాయి. మిగతావన్నీ మాత్రల డబ్బాలు, పక్కన తెల్లటి పొడి అంటిన మిక్సీ.

డబ్బాలకు సీలు పడుతుంటే ఆమె ముందుకొచ్చింది. "ఏంటి మేడమ్ అవి?"

"స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు. మిక్సీ పట్టి పొడిలో కలుపుతున్నాడు. ముందు నొప్పి పోతుంది, తర్వాత కిడ్నీలు పోతాయి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

భర్త పళ్ళు నూరాడు. "ఆ ముసలాడే పట్టించి ఉంటాడు. మన గుమ్మం తొక్కుతూనే గోతులు తవ్వాడు."

"ఆయన ఎప్పుడో ఫిర్యాదు ఇచ్చారు, భార్య పోగానే. ఆవిడ వాడింది ఈ పొడే. ల్యాబ్ రిపోర్టు రానిదే మేం సీజ్ చెయ్యలేం. ఈలోపు ఇంకొకరి నోట్లో పడకూడదని అన్నీ తనే కొంటూ వచ్చారు. ఒక్క పొట్లం విప్పలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"పోయిన వారం మాత్రం మీరు ఇవ్వలేదటగా. అవెక్కడున్నాయి?"

ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా, చెప్పులైనా వేసుకోకుండా, ఆమె గుమ్మం దాటి వెళ్ళిపోయింది.