పుల్లబడని సీసా

రత్నకుమారి జలుబుతో రెండు రోజులు పడుకుని లేచేసరికి వంటింట్లో ఆవకాయ జాడీ జాడ లేదు.

"బూజు పట్టి కంపు కొడుతోంది. పారేశా," అన్నాడు భర్త వాసుదేవరావు, లాప్‌టాప్ లోంచి తలెత్తకుండా.

ఆమె కిందికి దిగి, చెత్తడబ్బాలో తల పెట్టి మరీ వాసన చూసింది. కంపూ లేదు, గింపూ లేదు. పైన తెల్లగా ఉన్నది ఉప్పేనని తేల్చేసింది. పచ్చడి చెడిందో లేదో కళ్లు కాదు, ముక్కు చెప్పాలి. వేలు ముంచి నాకితే ఎంగిలి. పుట్టింటి చట్టం అది. అసలే ముక్కుసూటి మనిషి.

ఏలూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన జాడీ. విమానాలు ఎప్పుడు ఎగురుతాయో తెలియని రోజుల్లో, జర్మనీలోని ఈ డార్మ్‌స్టాట్‌లో మళ్లీ దొరికేదేనా? ఊరగాయ పోయాక ఊరుకుంటుందా?

వాసుదేవరావు ప్రాణం ఒక సీసాలో ఉంది. లాక్‌డౌన్‌లో జపాన్ వంట నేర్చుకుని తెప్పించుకున్న వంట వైన్. క్రిస్మస్‌కి దాంతో చికెన్ వండి మేనేజర్ గుమ్మం ముందు పెట్టి రావాలని ఆయన కోరిక. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచాలనీ, పుల్లటి వాసన వేస్తే పారబోయాలనీ పెళ్లానికి పాఠం కూడా చెప్పాడు.

పాఠం బాగా వంటబట్టింది. ఆయన మీటింగ్‌లో కూర్చోగానే ఆమె మూత వదులు చేసి సీసాను హీటర్ మీద పెట్టేది. మీటింగ్ అయ్యేలోపు మళ్లీ ఫ్రిజ్‌లో. పగ రాజేసింది గానీ పొగ రానివ్వలేదు.

రోజూ వాసన చూసేది. వారం. రెండు వారాలు. మూడు. వైన్ మసకబారిందే గానీ పుల్లబడలేదు. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే తేలిపోయేదే, కానీ సారా ముట్టనని ఒట్టు. జపాన్ సరుకు గట్టిదని పళ్లు నూరింది. ఇక్కడి కాఫీపొడీ ఉంది, ఎందుకూ? కొత్త ప్యాకెట్ విప్పి కలిపినా వేడినీళ్లు తాగినట్టే.

క్రిస్మస్ ముందురోజు వాసుదేవరావు సీసా మూత తీశాడు. వెంటనే ముక్కు మూసుకుని కిటికీలు బార్లా తెరిచాడు.

"ఇదన్నమాట. ఇన్నాళ్లూ ఇల్లంతా కంపు. నీ వంటకి వంక పెట్టినట్టుంటుందని నోరు మూసుకున్నా."

"కంపేంటండీ? నిక్షేపంలా ఉంది. పొద్దున్నే చూశాగా."

అనేశాక నాలిక్కరుచుకుంది.

ఆయన ఆమెను వింతగా చూశాడు. ఒక చేత్తో ఆమె కళ్లు మూసి, రెండో చేత్తో ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాడు.

"ఇదేంటో చెప్పు."

రత్నకుమారి గుండెల నిండా రెండుసార్లు పీల్చి, "ఖాళీ డబ్బా పెట్టి మాట మార్చకండి," అంది.