నలభై వాట్లు

...అంటే ఇది ఇరవై అయిదు గంటలు కాలితేనే ఒక్క యూనిట్ కరెంటు, అనుకున్నాడు విటోమిర్. నెలంతా కలిపినా నాలుగు యూనిట్లు దాటదు. నాలుగు యూనిట్ల కృతజ్ఞతను మనిషి మోయగలడు. అంతకు మించితే నడుము వంగుతుంది.

సోల్డరింగ్ ఐరన్ మొన మీద టంకం కరిగి, రేడియో పొట్టలోని తీగను పట్టుకుంది. గుగ్గిలం పొగ కిటికీ వెలుగులోకి లేచింది.

కరెంటు వాళ్ళు నవంబరులో అతని వాటాకు సరఫరా ఆపేశారు. పోయిన భార్య మందులకైన అప్పు బిల్లు డబ్బులన్నీ మింగింది. సంతలో పాత సామాను అమ్మే ఆయన బాగుచెయ్యమని ఐదు రేడియోలు తెచ్చి పడేశాడు. ఐదూ పాడితే బాకీ తీరి దీపం వెలుగుతుంది. పాడకపోతే ఇల్లు వదిలి తమ్ముడి పంచన చేరాలి. అడగకుండానే తన వంటింటి కిటికీలోంచి ఈ కరెంటు వైరు అందించింది పక్కవాటా పెర్సిడా. డెబ్బై ఎనిమిదేళ్ళ విధవరాలు.

"మేస్త్రీ, కాలుతోందా?" కిటికీలోంచి ఆమె గొంతు.

"కాలుతోంది పెర్సిడక్కా. పాపం, నీ మీటరు పరుగులు పెడుతోందేమో."

"దానికేం. హాయిగా ఉంది. రేపు మాత్రం ఆ టంకం ఇనుము ముట్టుకోకు. శనివారం."

విటోమిర్ తలాడించాడు. శనివారం పోయినవాళ్ళది, ఆ రోజు పని పెట్టుకోరు. ఆమె వెనక వంటింట్లో కొవ్వొత్తి వెలుగుతోంది. భర్త పోయి తొమ్మిదేళ్ళయినా ఏ సాయంత్రమూ మానదు. పని ఆగుతుందన్న చిరాకు అతనిలో సిగ్గుగా మారింది.

"నీకూ ఒక రేడియో చేసిపెడతాను అక్కా. గోడ ప్లగ్గుకి పెట్టుకునేది, పెద్దది."

"పెద్దది నేనేం చేసుకోను? బ్యాటరీది చాలు."

తను చచ్చేంత పొదుపు చేసుకుంటూ పక్కవాడికి కరెంటు పోసే మనిషి. నొప్పి పెట్టే పంటిని నాలుకతో తడుముకున్నట్టు అతను ఆ మాటను పదే పదే తడుముకున్నాడు. ఉచితంగా తీసుకోవడం తనకు చేతకాదు. చేతనైతే వాట్లు లెక్కపెట్టేవాడా?

శనివారం సాయంత్రం మెట్ల మీద మిలుటిన్ ఎదురయ్యాడు. అదే అంతస్తులో, పెర్సిడాకు అవతలి పక్క, మూడో వాటా అతనిది. తడి జుట్టు నున్నగా దువ్వుకుని, సబ్బు వాసన వేస్తూ దిగుతున్నాడు. నేలమాళిగలో కట్టెల జాగా దగ్గర ఇద్దరికీ మొదలైన గొడవకు పదకొండేళ్ళు. రెండేళ్ళ కిందట విటోమిర్ భార్యను పాతిపెట్టిన రోజున మిలుటిన్ వచ్చి చెయ్యి చాచాడు. విటోమిర్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి కాసేపు గాలిలో ఉండి వెనక్కి వెళ్ళింది. ఇన్నాళ్ళు నోరు మెదపనివాడు ఈ చలికాలం ఎందుకో పలకరిస్తున్నాడు.

"మేస్త్రీ, ఆ ఇనుము ఎన్ని వాట్లు?"

"నీకెందుకు?"

"అడిగితే అరిగిపోతుందా?"

"నలభై."

"అంతేనా? దాంతో చలికి వేళ్ళు కూడా కాగవు. చిన్న హీటరొకటి తగిలించుకో. ఎవరూ ఏమీ అనరులే."

విటోమిర్ పైకి ఎక్కాడు. ముసలావిడ మంచితనాన్ని దోచుకుంటూ దొరికిపోవాలని వీడి ఆశ. ఊరంతా చెప్పుకోవడానికి. ఆ రాత్రి రెండు కంబళ్ళు కప్పుకుని వణికాడు గాని హీటరు మాట తలపెట్టలేదు. వాడి మీద కోపంతోనే కాస్త వెచ్చబడ్డాడు.

ఐదో రేడియో గురువారం పాడింది. మరుసటి సోమవారం మధ్యాహ్నం అతని గదిలో బల్బు వెలిగింది. చాలాసేపు దాని కింద నిలబడ్డాడు. తర్వాత గడ్డం గీసుకుని, తను చేసిన చిన్న బ్యాటరీ రేడియో పట్టుకుని పెర్సిడా తలుపు తట్టాడు. ఇన్నేళ్ళలో ఆ గడప దాటడం అదే మొదలు. చెప్పవలసిన మాటలు మెట్ల దగ్గరే కూర్చుకున్నాడు.

ఆమె గడప తొక్కినవాళ్ళకి ఇచ్చే మర్యాదగా చెర్రీ పాకం ఒక చెంచా, మంచినీళ్ళు ఒక గ్లాసు పళ్ళెంలో తెచ్చింది. బయట మంచు మబ్బు. గది మసకగా ఉంది. అతను గోడ మీది స్విచ్చి నొక్కాడు. ఏమీ కాలేదు.

"దాన్నెందుకు నొక్కుతావు? నాకు నీకంటే పది రోజుల ముందే పీకేశారు."

చెంచా అతని నోట్లోనే ఉండిపోయింది.

"మరి ఆ కొవ్వొత్తి?"

"కూర మాడేది కనపడొద్దూ? వైరు కొస ఒక్కటే, అది నీ దగ్గరుంది."

"శనివారాలు? పోయినవాళ్ళ కోసం కాదా?"

"పోయినవాళ్ళకి కరెంటుతో ఏం పని? శనివారం అక్కడ స్నానానికి నీళ్ళు కాచుకుంటారు, ఆ ప్లగ్గు ఖాళీ ఉండదు."

"ఏ ప్లగ్గు పెర్సిడక్కా?"

"చెప్పనని ఒట్టేశాను." ఆమె రేడియోను ఒళ్ళో పెట్టుకుని నాబ్ తిప్పుతూ కూర్చుంది. "వైరు చుట్టుకో. నిన్ను చుట్టుకోనివ్వనని నేనేం ఒట్టెయ్యలేదు."

విటోమిర్ అరచేతికీ మోచేతికీ మధ్య వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అది వంటింటి గోడ వెంట నడిచి, వసారా దాటి, మంచం కింద నుంచి పడకగది కిటికీ ఎక్కి బయటికి దూకింది. లాగాడు. బిగిసి ఉంది. మళ్ళీ లాగితే, అవతల ఎవరో వదులు చేసినట్టు మెత్తగా వచ్చింది.

కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అతను కిటికీలోంచి వంగి, అవతలి వాటా కిటికీ వైపు కొస కోసం చెయ్యి చాచాడు.

ప్లగ్గు మిలుటిన్ చేతిలో ఉంది.