చెల్లని మాట

జైలు ఆసుపత్రి గదిలో కత్తెర మొన డాక్టరమ్మ మెడ మీద ఉంది.

పట్టుకున్నవాడు వారం కిందటే ఈ జైలుకి మారి వచ్చిన ఖైదీ. చేతి కట్టు మార్పించుకుంటానని వచ్చి, ట్రేలోని కత్తెర లాక్కుని, తలుపు గడియ పెట్టేశాడు. పెద్ద గేటు తియ్యాలి, బయట జీపు ఉండాలి. లేదంటే ఆమె ప్రాణం దక్కదు. వాడి బేరం అంతే.

చీఫ్ వార్డర్ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు, మోకాళ్ళ నొప్పులు, రిటైర్మెంటుకి నాలుగు నెలలు. నడుముకి గేటు తాళంచెవి. ఇంట్లో బీరువా తాళం కూడా మూడుసార్లు లాగి చూసుకుంటాడని ఆయన మీద జైల్లో ఒక జోకు.

వస్తూనే కిటికీ పక్కనున్న డ్యూటీ బోర్డు ఊడబీకించాడు. డాక్టర్ పేరూ ఇంటిపేరూ దానిమీదే ఉంటాయి మరి. మనవాళ్ళ వివరాలు లోపలివాడికి ఒక్క ముక్క తెలియకూడదని, ఆమెని ఎవరూ పేరుపెట్టి పిలవకూడదని వార్డర్లందరికీ చెవిలో చెప్పాడు. ఇలాంటప్పుడు కూడా ఈయన రూల్సు ఈయనవేనని ఒకడు గొణుక్కున్నాడు.

తర్వాత స్టూలు తెప్పించుకుని, తీరిగ్గా కిటికీ ఎదురుగా కూర్చున్నాడు.

"గేటు తియ్యను," అన్నాడు. "ఇంకేమైనా ఉంటే చెప్పు."

ఖైదీకి ఒళ్ళు మండింది. మొన ఇంకాస్త నొక్కి, నువ్వే అడుగు వాణ్ణి అని డాక్టరమ్మని గదిమాడు.

"చీఫ్ గారూ, గేటు తియ్యండి," అందామె. చూపు మాత్రం ఆయన మీంచి కదల్లేదు.

"పట్టుబడ్డవాళ్ళ మాట చెల్లదండీ డాక్టర్ గారూ. మీరు చేరిన రోజే చెప్పాను కదా."

చెప్పిన మాట నిజమే. జైల్లో కొత్తగా ఎవరు చేరినా ఆయన చెప్పే మొదటి పాఠం అదే. లోపల పట్టుబడినవాళ్ళ హోదా ఆ నిమిషంలోనే పోతుంది. సూపరింటెండెంటే పట్టుబడి తియ్యమని ఆర్డరు వేసినా అది ఆర్డరు కాదు. రెండు నెలల కిందట ఈమెకీ చెప్పాడు. అది నాకు కంఠతా వచ్చులెండి అని ఆమె నవ్వేసింది.

గంట గడిచింది. సూపరింటెండెంట్ ఆదరాబాదరా వచ్చి చీఫ్‌ని గోడ చాటుకి లాగాడు.

"ఇవాళ నువ్విక్కడ ఉండకూడదయ్యా. ఇంటికి పో. నేను చూసుకుంటాను."

"డ్యూటీ చార్టులో నా పేరుంది సార్."

అసలే బీపీ మనిషివి, మాత్రైనా వేసుకున్నావా అన్నాడు సూపరింటెండెంట్. చీఫ్ నడుముకున్న తాళంచెవి తడిమి చూసుకున్నాడు. పోనీ గేటు తీసేద్దాం, ఎవరేమన్నా నా మీద వేసుకుంటాను, కావాలంటే రాసిస్తాను అని కూడా అన్నాడు. పెద్దాఫీసరు అంతమాట అన్నాక ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. ఈయన ససేమిరా అన్నాడు.

"ఇవాళ తీస్తే రేపట్నించి ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళ మెడ మీదా కత్తెరే సార్. తాళంచెవి నా దగ్గరుంది. నేనివ్వను. సస్పెండ్ చేసుకుంటారో ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

సూపరింటెండెంట్ ఆయన ముఖంలోకి చూడలేక తల తిప్పుకున్నాడు.

అంతలో లోపల్నించి కేక. పది నిమిషాలే టైమన్నాడు ఖైదీ. డాక్టరమ్మ మెడ మీద సన్నగా నెత్తురు గీత కనిపించింది.

చీఫ్ లేచాడు. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే పెద్ద గేటు ఎదురుగానే ఉంటుంది. ఆయన కుంటుకుంటూ అటే నడిచాడు. దారికొచ్చాడు ముసలాడు అని ఖైదీ పళ్ళికిలించాడు.

చీఫ్ గేటుకున్న చిన్న కిటికీ తెరిచి, తాళంచెవి బయటి సెంట్రీ చేతిలో పడేశాడు.

"బయట కూడా తాళం వేసుకో. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా తియ్యకు."

బయట తాళం పడిన చప్పుడు ఖైదీకీ వినబడింది. చీఫ్ తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నాకూ దారి లేదు. నువ్వు బెదిరించినా, ఆమె ఏడ్చినా, నా మనసు మారినా ఆ గేటు తెరుచుకోదు. నీకింకా పద్నాలుగు నెలలే శిక్ష ఉంది. ఆమెకేమైనా అయితే ఈ గోడల మధ్యే ముసలివాడివైపోతావు. ఆలోచించుకో."

ఖైదీ నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. నువ్వసలు మనిషివేనా అన్నాడు. రాయికైనా జాలి ఉంటుందన్నాడు. చీఫ్ స్టూలు మీంచి కదల్లేదు. పది నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి. వాడి చెయ్యి పీకడం మొదలైంది. నలభయ్యో నిమిషంలో కత్తెర కిటికీ చువ్వల్లోంచి బయటికొచ్చి పడింది.

వార్డర్లు వాణ్ణి తీసుకుపోయారు. చీఫ్ రిజిస్టరు తెప్పించుకుని, జరిగినదంతా టైముతో సహా రాసి సంతకం పెట్టాడు. అప్పుడు గానీ గదిలోకి వెళ్ళలేదు. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని తన మెడకి తనే దూది అద్దుకుంటోంది. సూపరింటెండెంట్ అందర్నీ బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు.

"నేను గేటు తియ్యలేదని మీ అమ్మకి నువ్వే చెప్పు తల్లీ, నా వల్ల కాదు," అంటూ కూతురి పక్కన కూలబడి భోరుమన్నాడు చీఫ్ వార్డర్.