చిన్నమణి సీఆర్పీ

రిపోర్టులో నాలుగు అన్న అంకె చూసేసరికి వళ్ళి గుండె గుభేలుమంది.

ఆమె మొగుడు చిన్నమణికి రక్తనాళాలు వాచే జబ్బు. ఒంటిని కాపాడాల్సినవే ఒంటి మీద తిరగబడ్డాయని వేలూరు డాక్టరు చెప్పాడు. రక్తంలో సీఆర్పీ అని ఒకటి నెలనెలా చూడాలట. ఐదు దాటకపోతే జబ్బు నిద్రపోతున్నట్టు, పెరిగితే లేచి కూర్చున్నట్టు. చిన్నమణిది రెండేళ్లుగా ఎనభై దిగలేదు. పోయిన నెల ఎనభై ఆరు. వీధి కొళాయి దాకా నడవలేని మనిషి, రిపోర్టుకు మాత్రం తానే బస్సెక్కి వెళ్ళేవాడు, పాపం. ఈసారి ఇనుప కమ్మీలు కొనడానికి వేలూరు వచ్చిన వళ్ళి, మొగుడికి శ్రమ ఎందుకని తనే తీసుకుంది.

నాలుగంటే నయమైపోయినట్టే. నయమైతే మేస్త్రీ పని మళ్ళీ అతనిదే. పదిహేనేళ్లు అతని కింద సిమెంటు బాండలి మోసిన వళ్ళి, అతను మంచం పట్టాకే పన్నెండుమంది కూలీల చేత "మేస్త్రమ్మా" అని పిలిపించుకుంది. ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు ఇప్పుడు ఆమెకు కుర్చీ వేస్తున్నారు. మళ్ళీ బాండలా? చచ్చినా ఎత్తదు! మొగుడికి నయమైందని ఏడ్చే పెళ్ళాం లోకంలో తనొక్కతేనేమో అని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే, ఊరికి తిరిగొచ్చి, గుడియాత్తం బస్టాండు పక్కనున్న కంప్యూటరు సెంటరు మెట్లెక్కింది.

డాక్టరు ఎటూ ఆసుపత్రిలో ఉన్న రిపోర్టే చూసుకుంటాడు, మాత్రలు మారవు. ఈ కాగితం ఇంట్లో చూపించుకోవడానికే.

"ఈ నాలుగును కొంచెం పెద్ద నంబరు చెయ్యాల నాయనా," అంది గొంతు తగ్గించి.

సెంటరు నడిపే ముఖేష్ ఆమె ఎవరో ఎరగడు; కాగితం మీద పేరు చదివాడు. ఎందుకని అడగలేదు.

"ఎంత పెట్టాల్నో చెప్పక్కా."

"ఎనభై ఆరు. తేడా తెలీకుండా వస్తాదా?"

"మన చేతి పని యాడన్నా తప్పిందా అక్కా?" అంటూ కంప్యూటరులో ఏదో వెతికి తెరిచాడు.

వళ్ళికి మనసు తేలికైంది. మంచం మీదున్న ఆ అమాయకుడిని తలుచుకుని జాలిపడింది కూడా. ఆదివారం మేకకాళ్ళ రసం ఇంకో గిన్నె ఎక్కువ పోస్తే ఈ పాపం చెల్లిపోతుందనుకుంది.

ముఖేష్ చేతులు ఆగాయి.

"చిన్నమణన్న పోయిన నెల ఇదే నంబరు కొట్టించుకోని పోయినాడు గదక్కా," అన్నాడు, "మళ్ళా ఎనభై ఆరే పెడితే ఇంట్లో వదినకు అనుమానం రాదా?"