గోడమీది పిల్ల

వాచకంలో నీడ పాఠం ఎవరు పెట్టారో గానీ, వాళ్లను బాగా తిట్టాలనిపించింది జలజ టీచరుకు. గోడలకూ నేలకూ వెలుగునిచ్చే రంగు, వీధులకు వెలిగే పైకప్పులు వచ్చాక అన్ని వైపుల నుంచీ వెలుగే పడి, ఊళ్లో పిల్లలెవరూ నీడను చూడలేదు. చిన్నప్పుడు తన నీడ ఎలా ఉండేదో ఆమెకే సరిగ్గా గుర్తు లేదు.

గది వెలుగంతా ఆర్పించి, ఎక్కడో సంపాదించిన పాత టార్చి వేసింది. దాని ముందు ఐదేళ్ల మిన్నుని నిలబెట్టింది. ఎదురుగోడ మీద నల్లటి ఆకారం లేచింది. పిల్లలు కెవ్వుమన్నారు.

“భయపడకండి. అది మిన్ను నీడ. వెలుగుకి అడ్డం వచ్చింది కదా, అందుకే అక్కడ చీకటి పడింది.”

“నేనేం అడ్డం రాలేదండీ, మీరే నిలబడమన్నారు,” అంది మిన్ను ఏడుపు గొంతుతో. తన వల్ల గోడ పాడైపోయిందనుకుని, బల్లలు తుడిచే తడిగుడ్డ తెచ్చి గట్టిగా రుద్దింది. గోడమీది పిల్ల కూడా రుద్దింది. మిన్ను ఆగితే అదీ ఆగింది. చెయ్యి ఊపితే అదీ ఊపింది.

మిన్నుకి నవ్వొచ్చింది. “టీచర్, ఇది నాతో ఆడుతోందండీ!”

అంతలో గంట మోగి, గోడలు వాటంతటవే వెలిగాయి. గోడమీది పిల్ల లేదు.

మిన్ను గోడంతా తడిమింది. తర్వాత చేతిలోని గుడ్డ విప్పి రెండు వైపులా చూసింది.

“నేనే తుడిచేశానా టీచర్?”

కాదనబోయింది జలజ. మరి ఎక్కడికి పోయిందని అడుగుతుందనిపించి, తనూ వంగి ఆ గుడ్డలోకి చూసింది.