చరణంలో రెండో సగం

సింకు కింద నుంచి పాట వినిపించేసరికి టీచరమ్మకి ఒళ్ళు మండింది.

హాల్లో ఆవిడ తమ్ముడు అప్పుడే సగం చరణం పాడి ఆగాడు. మిగతా సగం అందుకోవాల్సిన మనిషి రాలేదు. ఆ సగాన్ని, వెనక గదిలో కారుతున్న పైపు బాగుచేస్తున్న ప్లంబరు అందుకున్నాడు.

"ఏమయ్యా, పైపు చూడమంటే పాటందుకున్నావేం?"

"సగంలో ఆగిపోతే ఉండబట్టలేదమ్మా." పానా తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "నేనూ పాడొచ్చా?"

"ఈ వీధిలో నీకు ఇల్లుందా?"

"ఇల్లెక్కడిది? పనే ఇక్కడ."

"అయితే నువ్వు లెక్కలోకి రావు. వెళ్ళి పైపు చూసుకో."

ఆ లెక్క ఆవిడ పెట్టింది కాదు. తమ్ముడు నాలుగేళ్ళు మానసిక వైద్యశాలలో ఉండి తేరుకున్నాడు. వచ్చే నెల అక్క ఇంటికి వచ్చేస్తున్నాడు. ఆ కబురు తెలియగానే పక్కింటాయన గోడ మీద ఇంకో రెండు వరసలు ఇటుక కట్టించాడు.

టీచరమ్మ ఆయనతో పోట్లాడలేదు. పాట కట్టింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సంగీతం చెప్పిన మనిషికి వచ్చిన విద్య అదే మరి.

ప్రతి చరణంలో మొదటి సగం ఆసుపత్రి వార్డు మనిషిది, రెండో సగం వీధి మనిషిది. పక్కపక్కనే నిలబడాలి. పక్కవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో చెవొగ్గి వింటేగానీ రెండోవాడు అందుకోలేడు.

ఒక్కసారి తమ్ముడిలాంటివాడి పక్కన నిలబడి పాడితే, రేపు ఎదురుపడినప్పుడు తలుపేసుకోరని ఆవిడ ఆశ.

వార్డు నుంచి పదిమంది వచ్చారు. వీధి నుంచి ముగ్గురే.

హాలు వీధి సంఘానిది. సాధనకైతే ఇచ్చాడు గానీ, కచేరీ అనేసరికి సెక్రటరీ మెలిక పెట్టాడు.

"నెలాఖరులోగా మన వీధివాళ్ళు పదిమంది వాళ్ళ పక్కన నిలబడితే హాలు మీదేనండీ." అంతమంది చచ్చినా రారని ఆయన ధీమా.

ప్లంబరు సంచీ సర్దుకుంటూ అడిగాడు. "ఇంకా ఎంతమంది కావాలమ్మా?"

"ఏడుగురు. నీకెందుకు?"

"ఊరికే."

అతను వెళ్ళాక తమ్ముడు అన్నాడు, "ఆయన గొంతు బావుందక్కా."

"బావుంటే ఏం చేసుకోను? వీధివాడు కాదుగా!"

మర్నాటి నుంచి టీచరమ్మ కరపత్రాలు పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగింది. పెళ్ళే కాని ఒకాయన, పిల్లలకి పరీక్షలన్నాడు. ఇంకొకావిడ గొంతు నొప్పని సైగ చేసి, టీచరమ్మ గేటు దాటకముందే ఫోన్లో గలగలా మాట్లాడింది.

ప్రతి గేటు దగ్గరా టీచరమ్మది ఒకటే మాట. "రేపు మళ్ళీ వస్తా."

మళ్ళీ వెళ్ళింది కూడా.

వారం గడిచాక మూలింటి టైలరమ్మ హాలుకొచ్చింది. "నన్నెవరి పక్కన నిలబడమంటారు?" అంది, తలెత్తకుండానే.

ఆ మర్నాడు ఇంకో ఇద్దరు. ఆపైన గొంతు నొప్పావిడ. ఎవరూ ఏమీ చెప్పరు, వచ్చి వరసలో నిలబడతారు, అంతే. నెలాఖరుకి తొమ్మండుగురయ్యారు. పదోవాడిగా గోడ ఎత్తు పెంచిన పక్కింటాయన నీళ్ళు నములుతూ వచ్చాడు.

టీచరమ్మ ఆయన్ని తీసుకెళ్ళి తమ్ముడి పక్కనే నిలబెట్టింది.

కచేరీ నాడు హాలు నిండిపోయింది. సెక్రటరీ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

మూడో చరణంలో తమ్ముడి గొంతు పూడుకుపోయింది. వెనక వరసలో ఎవరో "చెప్పానా!" అని గొణిగారు. టీచరమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు.

పక్కింటాయన అటూ ఇటూ చూశాడు. తమ్ముడి చెవి దగ్గరికి వంగి, వాడి సగం తనే మెల్లగా ఎత్తుకున్నాడు. తమ్ముడు అందుకున్నాడు. ఆ చరణం మొదట్నుంచీ చివరిదాకా ఇద్దరూ కలిసే పాడారు.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తమ్ముడి చుట్టూ మనుషులు చేరారు. పక్కింటాయన వాడి చెయ్యి పట్టుకుని వదలడం లేదు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని టైలరమ్మ దగ్గరికొచ్చింది.

"చూశావా, నా కరపత్రాలు ఊరికే పోలేదు."

"ఏమనుకోకండి టీచరమ్మా, అవి బీరువా అరల్లో పరుచుకున్నాను. మమ్మల్ని పంపింది ప్లంబరు."

"ఏ ప్లంబరు?"

"ఈ హాలు పైపు బాగుచేశాడే, అతనే. పని ఉన్నా లేకపోయినా ఇల్లిల్లూ తిరిగాడు."

టీచరమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. 'నువ్వు లెక్కలోకి రావు' అన్నది తనే.

"ఎక్కడుంటాడు? ఇప్పుడే వెళ్ళి పిలుచుకొస్తా. తమ్ముడి పక్కన నిలబెట్టి పాడిస్తా."

"ఇంకెక్కడి ప్లంబరు! అతను చెప్పింది విని మాలాంటివాళ్ళం ఇటొచ్చాం. మిగిలినవాళ్ళు వేరే మనిషిని పనికి మాట్లాడుకున్నారు. పిలిచేవాళ్ళు లేక మొన్ననే సామాను కట్టుకుని బావమరిది ఊరెళ్ళిపోయాడు."

"పని పోయేంత మాట ఏం చెప్పాడమ్మా?"

టైలరమ్మ గొంతు తగ్గించింది.

"'పదిహేనేళ్ళుగా నన్ను మీ వంటింటిదాకా రానిస్తున్నారు, పిల్లల్ని నాకప్పగించి బజారుకి కూడా వెళ్ళారు, అంతకుముందు మూడేళ్ళు నేనున్నది ఆ వార్డులోనేనమ్మా, ఏనాడైనా నన్ను చూసి భయపడ్డారా?' అని అడిగాడండీ."